తుపాకి, హక్కు, వర్గం: మిన్నెసోటా అనుభవం

మన అభ్యుదయ కవిత్వంలో తుపాకి కనిపించినంత తరచుగా నాగలి కూడా కనిపించదేమో. కాకపోతే అది వస్తువుగా కనిపించడం తక్కువ, ప్రతీకగా కనిపించడం ఎక్కువ. దాని బరువెంత, ఎవరు కొన్నారు, లైసెన్సు ఎవరిచ్చారు, ఇంట్లో ఏ మూల దాచారు, పిల్లల చేతికి అందుతుందా అనే ప్రశ్నలు ప్రతీకకు ఉండవు. అందుకే, అమెరికా వామపక్షీయుల్లో ఒక భాగం తుపాకి హక్కును సమర్థిస్తున్నదని చదివినప్పుడు మన యువ రచయితలు రెండు విధాలుగా పొరబడుతున్నారు. కొందరికి అది సాయుధ పోరాట చైతన్యంగా తోస్తుంది. మరికొందరికి ఆయుధ వ్యాపారుల ప్రచారానికి లొంగిపోవడంగా తోస్తుంది. మా శాఖ అధ్యయన తరగతుల్లో ఈ చర్చ రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కేకలతో మొదలై టీతో ముగిసింది. విషయం మాత్రం తేలలేదు.

నిర్దిష్ట పరిస్థితుల నిర్దిష్ట విశ్లేషణ అని మనం తరచు జపిస్తుంటాం గదా, ఆ పని ఒకసారి చేసి చూద్దాం. ఒక రాష్ట్రాన్నీ, ఒక పార్టీనీ తీసుకుందాం. నేను ఎంచుకున్నది మిన్నెసోటా.

అమెరికా ఉత్తర సరిహద్దున కెనడాను ఆనుకుని ఉండే ఈ రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీకి మరెక్కడా లేని పేరుంది: డెమొక్రటిక్ ఫార్మర్ లేబర్ పార్టీ. పొడి అక్షరాల్లో డి.ఎఫ్.ఎల్. అంటారు. 1944లో డెమొక్రాట్లూ, రైతు కార్మిక పార్టీ కలిసిపోగా ఇది ఏర్పడింది. కలిసిన రెండింటిలో ప్రజాబలం ఉన్నది రైతు కార్మిక పార్టీకే. 1931 నుంచి 1939 ఆరంభం దాకా గవర్నరు పదవి దాని చేతిలోనే ఉండింది. విలీనం తర్వాత పేరులో రైతూ కార్మికుడూ మిగిలారు. పగ్గాలు మాత్రం 1948 నాటికి హ్యూబర్ట్ హంఫ్రీ నాయకత్వంలోని ఉదారవాదుల చేతికి పోయాయి. అయినా పార్టీ పునాది మాత్రం చాలాకాలం మూడు కాళ్ల పీటలాగే నిలిచింది: పల్లె రైతులు, ఉత్తరాన గని కార్మికులు, మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల శ్రామికులూ చదువుకున్నవాళ్లూ. తుపాకి మీద ఈ ముగ్గురి అనుభవం ఒకటి కాదు. పార్టీలోని చర్చ అంతా ఆ తేడాలోంచే పుట్టింది.

ముందు గని కార్మికుడి తుపాకి చూద్దాం. ఉత్తరాన ఐరన్ రేంజ్ అనే ఇనుప గనుల ప్రాంతం ఉంది. 19వ శతాబ్దం చివరి నుంచి ఫిన్లాండ్, స్లొవేనియా, ఇటలీ వంటి చోట్ల నుంచి వలస వచ్చిన పేదలు అక్కడ ఖనిజం తవ్వారు. 1907లోనూ 1916లోనూ పెద్ద సమ్మెలు చేశారు. కంపెనీ గార్డుల చేతుల్లోని ఆయుధాలను దగ్గర నుంచి చూశారు. అమెరికా కమ్యూనిస్టు పార్టీకి దశాబ్దాల తరబడి నాయకుడైన గస్ హాల్ 1910లో పుట్టింది ఆ ప్రాంతంలోని చెర్రీ అనే ఊళ్లోనే, ఒక ఫిన్నిష్ కుటుంబంలో. ఐరోపాలో తరతరాలుగా వేట అంటే దొరల హక్కు. అడవిలో జింకను కొట్టిన పేదవాడు దొంగ. అలాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వ అడవిలో, ఫీజు కట్టి, తనకు తానుగా జింకను కొట్టుకోగలగడం చిన్న సంగతి కాదు. గని మూతపడిన శీతాకాలంలో ఆ మాంసం ఇంటి తిండి. ఆ తుపాకి తండ్రి నుంచి కొడుక్కి, కూతురికి చేరే పనిముట్టు, మన ఊళ్లలో పలుగూ పారా చేరినట్టుగా. మన జమీందారీ అడవుల చరిత్ర తెలిసినవారికి ఈ మనస్తత్వం అర్థం కావడానికి కష్టపడనక్కర్లేదు.

మిన్నెసోటా రాష్ట్ర రాజ్యాంగంలో ఆయుధం ధరించే హక్కు అంటూ ఒక నిబంధన లేదు. అమెరికాలో అలా లేని రాష్ట్రాలు చాలా తక్కువ. కానీ 1998లో వోటర్లు వేటనూ చేపలు పట్టడాన్నీ తమ వారసత్వంగా గుర్తిస్తూ ఒక సవరణ చేసుకున్నారు. అంటే అక్కడి జనం రాజ్యాంగంలో రాసుకున్నది తుపాకిని కాదు, తుపాకితో చేసే పనిని. ఈ తేడాను మాటల మనుషులమైన మనం తేలిగ్గా దాటిపోగూడదు. హంఫ్రీ 1960లో ఒక తుపాకుల పత్రికకు అభిప్రాయం ఇస్తూ పౌరుడి చేతిలోని ఆయుధం నిరంకుశత్వానికి ఒక అడ్డుకట్ట అనే అర్థంలో మాట్లాడాడు. అదే హంఫ్రీ ఉపాధ్యక్షుడుగా ఉన్న ప్రభుత్వం 1968లో తుపాకుల నియంత్రణ చట్టం తెచ్చింది. ఆ రోజుల్లో ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడిపోవడం ఎవరికీ వింతగా తోచలేదు.

రెండో తుపాకి కథ నగరంలోది. మన పాఠకులకు మరింత ఆసక్తి కలిగించేది కూడా అదే.

1934 వేసవిలో మినియాపొలిస్ లారీ కార్మికులు సమ్మె కట్టారు. నాయకత్వం ట్రాట్స్కీవాదులది. జులై 20న పోలీసులు పికెటర్ల మీద కాల్పులు జరిపారు. 67 మంది గాయపడ్డారు, ఇద్దరు మరణించారు. వీపున తూటాలు తగిలినవాళ్లు చాలామంది. ఇక్కడ గమనించవలసింది: పికెటర్ల దగ్గర తుపాకులు లేవు. లేకపోవడం యాదృచ్ఛికం కాదు, ఆయుధాలు తేవద్దని నాయకత్వమే తీర్మానించింది. ఆనాటి గవర్నరు ఫ్లాయిడ్ ఓల్సన్ రైతు కార్మిక పార్టీవాడు, సమ్మె పట్ల సానుభూతి ఉన్నవాడు. ఆయన సైనిక శాసనం ప్రకటించి నేషనల్ గార్డును దింపాడు. ఆ గార్డే ఆగస్టు 1న యూనియన్ కార్యాలయం మీద దాడి చేసి నాయకుల్ని పట్టుకుపోయింది! సమ్మె చివరకు గెలిచింది గానీ, మన పార్టీ గవర్నరు ఉన్నాడు గదా అన్న భరోసా కార్మికుల్లో ఎంత మిగిలిందో ఊహించుకోవచ్చు.

ఆ సమ్మె మీద మెరిడెల్ లెసూయర్ అనే రచయిత్రి రాసిన 'ఐ వజ్ మార్చింగ్' అనే రచన ఉంది. 1934లోనే 'న్యూ మాసెస్' పత్రికలో వచ్చింది. సాహిత్య విద్యార్థులు తప్పక చదవాలి. మధ్యతరగతి నుంచి వచ్చిన ఒక రచయిత్రి సమ్మె కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పోవడానికి జంకుతుంది. తర్వాత వెళ్లి వంటశాలలో కప్పులు కడుగుతుంది, కాఫీ పోస్తుంది, గాయపడినవాళ్లను మోసుకురావడం చూస్తుంది, ఆఖరికి ఊరేగింపులో కలిసి నడుస్తుంది. తూటాలు తిన్న సమ్మె గురించిన రచన అయినా, తిరిగి కాల్చే తుపాకి అందులో నాయకపాత్ర వహించదు. కప్పులు వహిస్తాయి. ఎర్ర కవిత్వం అంటే నాలుగు పేలుళ్లు ఉండాలనుకునే మన కుర్రవాళ్లకు నేనీ రచన గురించి చెబుతూనే ఉంటాను. మంచి తెలుగు అనువాదం ఎవరైనా చేస్తే ఎంత బాగుండునో.

తుపాకి ఆ యూనియన్‌లోకి నాలుగేళ్ల తర్వాత వచ్చింది. 1938లో సిల్వర్ షర్ట్స్ అనే ఫాసిస్టు ముఠా మినియాపొలిస్‌లో సభలు పెట్టి యూనియన్ కార్యాలయాల మీద దాడులకు పిలుపులిస్తున్న రోజుల్లో, లారీ కార్మికుల 544వ లోకల్ ఒక యూనియన్ రక్షణ దళాన్ని ఏర్పాటు చేసింది. కొన్ని వందల మంది చేరారు. గురి నేర్చుకోవడానికి చిన్న కాలిబరు తుపాకులు తెచ్చారు. దళం యూనియన్ క్రమశిక్షణకు లోబడి ఉండేది. ఎవడికి వాడు వీరుడు కావడానికి అక్కడ చోటు లేదు. ఫాసిస్టులు వెనకంజ వేశారు. దాడి జరగలేదు, కాల్పులు జరగలేదు. కానీ 1941లో ప్రభుత్వం ఆ యూనియన్ నాయకుల మీదా, సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ మీదా దేశద్రోహపు కేసు పెట్టినప్పుడు ఆ గురి అభ్యాసాన్నే సాక్ష్యంగా చూపించింది. జ్యూరీ సాయుధ కుట్ర ఆరోపణను తోసిపుచ్చి, స్మిత్ చట్టం కింద మాత్రం 18 మందిని దోషులుగా తేల్చింది. అంటే శిక్ష పడింది తుపాకికి కాదు, మాటకు. వాళ్లు ట్రాట్స్కీవాదులు గనక కమ్యూనిస్టు పార్టీ ఆనాడు ఆ ప్రాసిక్యూషన్‌ను సమర్థించింది. అదే స్మిత్ చట్టం కింద 1949లో శిక్ష పడ్డ పదకొండుమంది కమ్యూనిస్టు నాయకుల్లో ఐరన్ రేంజ్ బిడ్డ గస్ హాల్ ఒకడు. పక్కవాడి మెడకు ఉరి బిగుస్తుంటే తాడు పట్టుకున్నవాళ్లు ఈ తేదీలను పక్కపక్కన రాసుకుని చూసుకోవాలి.

ఈ రెండో సంప్రదాయాన్ని చూపించే అమెరికాలోని కొందరు వామపక్షీయులు తుపాకి హక్కును సమర్థిస్తూ 1850 నాటి మార్క్స్, ఎంగెల్స్ పత్రాన్ని ఉదహరిస్తారు. కమ్యూనిస్టు లీగుకు రాసిన ఆ పత్రంలో కార్మికుల ఆయుధాలను లాక్కునే ప్రయత్నాన్ని ప్రతిఘటించాలన్న మాట ఉన్నది, నిజమే. కానీ దాని ముందూ వెనకా ఏముందో కూడా చదవాలి గదా? కార్మికులు తామే ఎన్నుకున్న నాయకత్వం కింద, తమ సంస్థల ఆదేశాలకు లోబడిన దళాలుగా ఏర్పడాలని అక్కడ ఉంది. దుకాణానికి వెళ్లి, కార్డు గీకి, ఒక పిస్తోలు కొని, తలగడ కింద పెట్టుకుని పడుకునే ఒంటరి మనిషి ఆ పత్రంలో లేడు. 544వ లోకల్ దళం ఆ పత్రానికి దగ్గరగా ఉంది. నేటి దుకాణపు హక్కు లేదు. తెలంగాణలో 1946-51 మధ్య వడిసెలతో మొదలై తుపాకి దాకా నడిచిన రైతాంగ పోరాటం తెలిసినవారికి ఈ తేడా చెప్పనక్కర్లేదు. అక్కడ ఆయుధం దళానిది. ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది సంఘం, పార్టీ నిర్ణయించవలసిన విషయం. సరైన నిర్ణయాలే చేశాయా అన్నది వేరే వాదం. అది ఈ వ్యాసంలో తెగేది కాదు.

హక్కు అనే మాట గురించి మన చరిత్రలోంచే మరో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి గుర్తు లేదు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో, నియమ నిబంధనలకు లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం కలిగి ఉండే హక్కు ఒకటి. 1878 ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు సంకెల వేసి, తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానానికి సమాధానం కరాచీ తీర్మానం. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ తెస్తే డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు, సవరణ నెగ్గలేదు. పరాయి పాలనలో సమానత్వం కోసం అడిగిన హక్కు, సొంత పాలనలో ఎవరి చేతికి చేరుతుందన్న ప్రశ్నగా మారింది. కులం పేర ఊరి మీద పెత్తనం చేసేవాడి చేతికి ముందు చేరుతుందా, వాడి పొలంలో కూలి చేసేవాడి చేతికా?

మిన్నెసోటాకు తిరిగి వద్దాం. మూడో తుపాకి వ్యక్తి ఆత్మరక్షణది, బజారుది. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఒకప్పుడు ప్రధానంగా గురి పోటీల, వేటగాళ్ల సంఘం. 1977లో సిన్సినాటి మహాసభలో కరడుగట్టిన వర్గం దాని నాయకత్వాన్ని చేజిక్కించుకుంది. ఆ తర్వాత అది రాజకీయ శక్తి. అమ్మకానికి పెట్టిన వస్తువు కూడా మారింది: వేట తుపాకి ఒకసారి కొంటే రెండు తరాలు వస్తుంది, భయం మాత్రం ఏటా కొత్త సరుకు అడుగుతుంది. 2003లో మిన్నెసోటాలో అర్హులందరికీ బయట పిస్తోలు ధరించే పర్మిట్ ఇవ్వాలన్న చట్టం వచ్చింది. సంబంధంలేని మరో బిల్లుకు తగిలించి పాస్ చేశారని కోర్టు 2004లో కొట్టేసింది, 2005లో మళ్లీ చేశారు. ఈ రెండుసార్లూ సెనేటులో ఆధిక్యం డి.ఎఫ్.ఎల్.దే. ఆ పార్టీ సభ్యుల్లో కొందరి వోట్లు లేనిదే అది నెగ్గేది కాదు. వాళ్లు తమ నియోజకవర్గపు వేటగాడికి వోటు వేస్తున్నామనుకున్నారు. ఫలితం పొందింది పిస్తోలు బజారు. మూడు వేరువేరు వస్తువుల్ని ఒకే 'హక్కు' మాటలో చుట్టితే జరిగేది ఇదే.

ఈ హక్కు నిజంగా అందరిదా అన్నదానికి పరీక్ష అదే రాష్ట్రంలో 2016 జులై 6న జరిగింది. ఫిలాండో క్యాస్టిల్ సెయింట్ పాల్‌లోని ఒక బడి భోజనశాలలో సూపర్‌వైజరు. పిల్లలకు అన్నం పెట్టే మనిషి. నల్లవాడు. చట్టప్రకారం పర్మిట్ ఉంది. ఫాల్కన్ హైట్స్‌లో పోలీసు కారు ఆపాడు. తన దగ్గర తుపాకి ఉందని, చెప్పవలసిన మాట మర్యాదగా చెప్పాడు. పోలీసు ఏడుసార్లు కాల్చాడు. వెనక సీటులో నాలుగేళ్ల పాప ఉంది. 2017 జూన్‌లో జ్యూరీ ఆ పోలీసు నిర్దోషి అన్నది. దేశంలోని ప్రతి తుపాకి యజమానికీ అండగా నిలుస్తానని చెప్పుకునే రైఫిల్ అసోసియేషన్ కాల్పుల తర్వాత క్యాస్టిల్ పేరైనా ఎత్తని ముక్తసరి ప్రకటన చేసింది. నేను బడిపంతుల్ని. భోజనశాలలో వడ్డించే మనిషిని పిల్లలు ఎలా చూసుకుంటారో రోజూ చూస్తున్నవాణ్ణి. ఈ ఒక్క కేసు తుపాకి హక్కు మీద నూరు ఉపన్యాసాల కంటే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. కాలిఫోర్నియాలో 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని పోలీసుల్ని గమనించడం మొదలుపెట్టగానే బహిరంగంగా నిండు తుపాకి పట్టుకోవడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది; దాని మీద సంతకం చేసిన గవర్నరు రొనాల్డ్ రేగన్. చర్మం రంగు మారగానే హక్కు నేరంగా మారిపోతుందన్నమాట.

డి.ఎఫ్.ఎల్.లో తుపాకి హక్కును సమర్థించేవాళ్లు దీన్నే తిప్పి అడుగుతారు: నియంత్రణ చట్టం ఏది చేసినా దాన్ని అమలు చేసేది క్యాస్టిల్‌ను కాల్చిన పోలీసు వ్యవస్థే గదా, జైలుకు ముందు పోయేది నల్లవాడూ పేదవాడే గదా? ఈ ప్రశ్నకు బరువుంది. వాళ్ల రెండో వాదనకూ బరువుంది: నగరంలో చదువుకున్న పార్టీ కార్యకర్త గని కార్మికుడి తుపాకిని చూసి మొహం చిట్లించినప్పుడు చిట్లించుకునేది తుపాకిని చూసి కాదు, గని కార్మికుణ్ణి చూసి. మన పట్టణ అభ్యుదయవాదుల్లో పల్లెటూరి మాటనూ, మొలతాడునూ, జాతరనూ చూసి చిట్లించే మొహాలు నాకు కొత్త కాదు. వర్గాన్ని పుస్తకంలో ప్రేమించి వీధిలో ఏవగించుకోవడం ఒక్క మినియాపొలిస్‌లోనే లేదు.

కానీ వాళ్లు తప్పించుకుపోయే విషయం ఒకటుంది. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. మిన్నెసోటాలో ఈ పాలు ఇంకా ఎక్కువ. అంటే అక్కడి తుపాకి ముందుగా చంపుతున్నది దొంగనూ కాదు, ఫాసిస్టునూ కాదు, యజమానినే. పంట పోయిన రైతు, గని మూతపడిన కార్మికుడు, భార్య పోయిన ముసలివాడు. పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉండడం ఎంత ప్రమాదమో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ క్షణం దాటిపోతే మనిషి మిగులుతాడు. తుపాకి ఆ క్షణాన్ని దాటనివ్వదు. ఆ మనిషి చేతిలోంచి కొన్నాళ్లు తుపాకిని పక్కన పెట్టించే చట్టాన్ని అతని హక్కు పేర వ్యతిరేకించడం వర్గ ప్రేమ ఎలా అవుతుందో నాకు బోధపడదు.

ఆ చట్టం రావడానికి ముందు పార్టీలో పీట కాళ్లు మారాయి. టిమ్ వాల్జ్ మాంకేటో ఊళ్లో బడిపంతులు, వేటగాడు. 2006లో పల్లె జిల్లా నుంచి కాంగ్రెసుకు ఎన్నికై రైఫిల్ అసోసియేషన్ నుంచి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నవాడు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మంది మరణించాక సైనిక తరహా తుపాకుల నిషేధానికి ఒప్పుకున్నాడు, గ్రేడు 'ఎఫ్'కు పడింది, గవర్నరుగా గెలిచాడు. అదే 2018లో రోచెస్టర్‌లో జరిగిన పార్టీ మహాసభలో, అప్పటి అటార్నీ జనరల్ లోరి స్వాన్సన్‌కు అదే అసోసియేషన్ ఇచ్చిన 'ఏ' గ్రేడును ఆమె ప్రత్యర్థి ఎత్తిచూపాడు. మొదటి వోటింగులో ఆమెకు కావలసిన బలం రాలేదు, తప్పుకుంది. పదేళ్ల కిందట కవచంగా పనిచేసిన అక్షరమే కత్తి అయింది. పడమటి పల్లెల నుంచి 1990 తర్వాత వరసగా గెలిచిన కాలిన్ పీటర్సన్ 2020లో ఓడాడు. 2022లో ఐరన్ రేంజ్‌లో పార్టీ పాత సీట్లు రిపబ్లికన్లకు పోయాయి. తుపాకి వల్లనే పోయాయని అనను. గనుల అనుమతులు, వేతనాలు, చర్చి, వలసదారుల మీద ద్వేషప్రచారం అన్నీ ఉన్నాయి. కానీ తుపాకి వాటన్నిటికీ ఒక గుర్తు అయింది. చివరికి అక్కడా ప్రతీకే గెలిచింది.

2023 మే నెలలో డి.ఎఫ్.ఎల్. సెనేటులో 34కు 33 వోట్లతో, అంటే ఒక్క వోటు తేడాతో, ఆ చట్టాన్ని నెగ్గించుకుంది. ప్రైవేటు అమ్మకాల్లో పిస్తోళ్లకూ సైనిక తరహా తుపాకులకూ కొనేవాడి పూర్వచరిత్ర పరిశీలన. ప్రమాదకర స్థితిలో ఉన్న మనిషి నుంచి కోర్టు ఉత్తర్వుతో తాత్కాలికంగా ఆయుధం తీసుకోవడం. వేట తుపాకిని ముట్టుకోలేదు. ఉత్తర జిల్లాల నుంచి స్వల్ప ఆధిక్యంతో గెలిచిన ఒక సెనేటరు చివరి రోజుల దాకా ఊగిసలాడి వోటు వేశాడు. ఆ ఊగిసలాటను నగర పత్రికలు పిరికితనంగా చూశాయేమో గానీ, ఆ చట్టంలో జింక వేటగాడికీ పిస్తోలు బజారుకూ మధ్య గీత పడిందంటే అలాంటి సభ్యుల వల్లనే పడిందని నేననుకుంటాను.

ఆ చట్టం పాసైనప్పుడు ప్రతినిధుల సభ స్పీకరు మెలిస్సా హార్ట్‌మన్. 2025 జూన్ 14 తెల్లవారుజామున పోలీసు వేషంలో వచ్చినవాడు ఆమెనూ ఆమె భర్తనూ ఇంట్లోనే కాల్చి చంపాడు. అదే వేకువన అదే పార్టీ సెనేటరు జాన్ హాఫ్‌మన్‌నూ ఆయన భార్యనూ కాల్చాడు. వాళ్లు బతికారు. ఆగస్టు 27న మినియాపొలిస్‌లోని అనన్సియేషన్ చర్చిలో బడి పిల్లల ప్రార్థన మీద కాల్పులు జరిగి ఇద్దరు పిల్లలు పోయారు. ఒకరికి ఎనిమిదేళ్లు, ఒకరికి పదేళ్లు.